నేల తిరిగొచ్చిందా

మనిషికి నేల ఉందని చెప్పేవి కాళ్ళేనని అందరూ అనుకుంటారు. ఓబులమ్మ కూడా ఇరవై రెండేళ్ళ దాకా అలాగే అనుకుంది. శరీరధర్మ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేరి, లోపలి చెవి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాక కూడా లోపల్లోపల అదే నమ్మకం. చెవిలో రవ్వ నూకకన్నా చిన్న రాళ్ళు కొన్ని జిగురు మీద కూర్చుని ఉంటాయనీ, తల ఎటు వంగితే అవి అటు జరిగి కింద ఎటో పైన ఎటో మెదడుకు కబురు పెడతాయనీ పుస్తకంలో చదవడం వేరు. ఒక సాయంత్రం ఆ కబురు రాకపోవడం వేరు.

అది ఎర్రగుట్ట కేంద్రంలో పదకొండో రోజు.

ఎర్రగుట్ట అనంతపురం నుంచి రెండు గంటల ప్రయాణం. చుట్టూ వేరుశనగ చేలు, గుట్టల మీద గాలిమరలు, వాటి మధ్య ఎనిమిది గదుల పరిశోధన కేంద్రం. దానికి పెద్ద కంబగిరి సార్. ఆయన పట్టుకున్న సమస్య చెప్పుకోవడానికి చిన్నదే. రోదసిలోకి వెళ్ళినవాడికి మొదటి వారాలు నరకం. బరువు లేనిచోట చెవిలోని రాళ్ళు కుదురుగా కూర్చోవు. కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది. ఆ తగవులో మనిషి వాంతులు చేసుకుంటాడు, నొక్కాల్సిన మీట వదిలి పక్క మీట నొక్కుతాడు. ఇద్దరిలో ఒకరి నోరు మూయిస్తే తగవే ఉండదు కదా అన్నది సార్ ఆలోచన. అందుకని ఆయన ఒక టోపీ చేశాడు. పొద్దున ఒక గంట అది పెట్టుకుంటే, వినబడని మోత ఒకటి పుర్రెలోకి వెళ్ళి ఆ రాళ్ళను కరిగిస్తుంది. సాయంత్రానికి అవి మళ్ళీ కట్టుకుంటాయి. కట్టుకోవాలి.

కట్టుకోకపోతే ముప్ఫై రోజులు గడువు. వరసగా అన్ని రోజులు కబురు రాకపోతే మెదడు ఆ గదిని కళ్ళకు అద్దెకిచ్చేస్తుందనీ, ఆ తర్వాత రాళ్ళు తిరిగొచ్చినా తలుపు తీసేవాళ్ళుండరనీ సార్ మొదటిరోజే చెప్పాడు. రాళ్ళున్నాయో లేదో చూసే స్కాను ఉంది గానీ, దానికోసం ఎక్కించే మందు కూడా ఆ రాళ్ళనే తింటుంది. కాబట్టి రెండు నెలలకు ఒక్కసారే తీస్తారు. మధ్య రోజులన్నిటికీ మనిషి నోటిమాటే ఆధారం. ఆరుగురు విద్యార్థులు సంతకాలు పెట్టారు. బాగా నిలిచినవాళ్ళను పైకి, రోదసిలోకి, పంపుతారట అన్న మాట అప్పటికే అందరి చెవుల్లో పడి ఉంది.

కంబగిరి సార్ ఆకలి తెలిసిన మనిషి. మెట్టపల్లెలో పుట్టి, హాస్టల్లో నీళ్ళ పప్పు తాగి చదువుకున్నవాడు. తన దగ్గర ఉన్న పిల్లలకు అన్నం తనే వడ్డించేవాడు. వంటమనిషి ఉన్నా గరిటె ఇవ్వడు. ఆరుగురినీ వరసగా కూర్చోబెట్టి, రాగిసంగటి ముద్ద పళ్ళెంలో పెడుతూ, దాని పక్కన చెనక్కాయల ఊరిబిండి పచ్చడి వేస్తూ, ఒక్కొక్కరినీ అడిగేవాడు. అడిగిన జవాబు పుస్తకంలో రాసుకునేవాడు.

ఆ సాయంత్రం కూడా అలాగే ఓబులమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏం ఓబులమ్మా, నేల తిరిగొచ్చిందా?"

అప్పటికి ఐదుగురు వచ్చిందన్నారు. ఓబులమ్మ పళ్ళెంలోకి చూసింది. ముద్ద మీద సార్ వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. నేల రాలేదు. కూర్చున్న పీట ఉంది, ఒంటికి తగులుతోంది, కానీ దాని మీద తాను కూర్చుందో, దానికి కింద వేలాడుతోందో తెలియడం లేదు.

"వచ్చింది సార్. బాగుండా."

మన వైపు అన్నం పెట్టే చేతికి బాగాలేదని చెప్పరు. పప్పులో ఉప్పు గుప్పెడు పడినా బాగుందనే తింటారు, ఇంటికి పోయి నీళ్ళు తాగుతారు. ఇది ఎవరూ నేర్పిన మర్యాద కాదు, ఉగ్గుతో పాటు దిగేది. ఓబులమ్మకు ఆ క్షణంలో అబద్ధం చెబుతున్నానన్న స్పృహ కూడా సరిగా లేదు. రేపటికి అదే వస్తుందిలే అనుకుంది.

మర్నాడూ రాలేదు. నిన్న వచ్చిందని చెప్పింది కాబట్టి ఈరోజూ వచ్చిందనే చెప్పింది. పరీక్ష గదిలో కళ్ళు మూసి నిలబడమంటే మడమను అక్కడి మంచంకోడుకు ఆనించి నిలబడింది. ఆ ఒక్క ఆనుతో నిలువు ఎటో పోల్చుకోవచ్చని రెండు రోజుల్లో నేర్చేసుకుంది.

భయం లేదా అంటే ఉంది. కానీ భయంకన్నా సంబరం ఎక్కువుంది. బండ మీద వెల్లకిలా పడుకుంటే ఆకాశం పైన ఉన్నట్టు కాదు, తాను ఆకాశం అంచున వంగి లోపలికి తొంగి చూస్తున్నట్టుండేది. మెట్లు ఎక్కుతున్నా దిగుతున్నా ఒకటే. తక్కిన ఐదుగురికి అది సాయంత్రం దాకానే, తనకు రోజంతా. నేల విడిచి సాము చేయొద్దని పెద్దలు ఊరికే అనలేదు గానీ, సాము బాగా కుదిరినప్పుడు ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

ఇరవయ్యో రోజు ఆదివారం సెలవిచ్చారు. ఓబులమ్మ ఊరికెళ్ళింది. నాన్న సంజీవప్ప తాపీమేస్త్రీ. పంచాయతీ ఆఫీసు ప్రహరీ కడుతున్నాడు. ఆమె ఇటుకల గుట్ట మీద కూర్చుని కేంద్రం కబుర్లు చెబుతుంటే, ఆయన తాపీ ఆపి కూతుర్నే చూశాడు.

"ఒక పక్కకు ఒరిగినావే పాప."

"లేదు నాయనా, సరిగ్గానే కూర్చున్యా."

సంజీవప్ప నవ్వుతూ వచ్చి, చేతిలోని రసమట్టం కూతురి రెండు భుజాల మీద అడ్డంగా పెట్టాడు. గాజులో బుడగ ఒక మూలకు పోయి కూర్చుంది. ఆయన నవ్వు ఆగింది.

"రెండు వేళ్ళు వాలినావు. గోడయితే పడగొట్టి మళ్ళా కడ్తాను. సార్‌కు చెప్పినావా?"

"చెప్పినాలే."

నాన్నకూ అదే అబద్ధం. అప్పటికి అది చెప్పడం సులువైపోయింది.

నలభై ఆరో రోజు సాయంత్రం కేంద్రంలో కరెంటు పోయింది. అంతే జరిగింది, ఇంకేమీ జరగలేదు. ఓబులమ్మ మేడమెట్ల మధ్యలో ఉంది. చుట్టూ చీకటి పడగానే మెట్లు లేవు, గోడ లేదు, తాను కూడా లేదు. కేక పెట్టిందని తర్వాత చెప్పారు. కింద తేలినప్పుడు ఎడమ మణికట్టు విరిగి ఉంది, ఆ నొప్పి ఒక్కటే ఆమెకు తెలుస్తున్న చోటు.

స్కాను తీశారు. రాళ్ళు లేవు, వాటి వెనకున్న నరం చడీచప్పుడు లేకుండా ఉంది. అప్పటికి నేల పోయి ముప్ఫై ఐదు రోజులు.

కంబగిరి సార్ ఆమె మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. పుస్తకం ఒళ్ళో ఉంది. పేజీ తర్వాత పేజీ, ఆమె పేరు ఎదురుగా ముప్ఫై ఐదు సార్లు ఒకటే మాట.

"దినామూ అడిగితి కదమ్మా. ఒక్కనాడన్నా చెప్పలేదే."

"మీరు సంగటి పెడతా అడిగితిరి సార్," అంది ఓబులమ్మ. "పెట్టే చేతికి బాగలేదని ఎట్ల చెప్పేది?"

ఆయన పుస్తకం మూసేశాడు.

"మా అమ్మ కడుపులో గడ్డతో పాయె," అన్నాడు. "పోయే దినం గూడా ఎట్లుండావమ్మా అంటే బాగుండా నాయనా అనె. ఈ దేశంలో బాగుండా అనేదానికి అర్థం ఏందో నాకు తెల్సు ఓబులమ్మా. తెల్సీ రాసుకుంటా వస్తి."

నిజం దాచిన మనిషిని పైకి పంపరు. కాబట్టి ఆ ఆశా పోయింది. ఓబులమ్మ ఇంటికొచ్చింది.

ఇంట్లో మూడేళ్ళు. సంజీవప్ప ప్రతి గదిలో పైకప్పు నుంచి దారానికి చిన్న గుండు కట్టి వేలాడదీశాడు, కూతురు దాన్ని చూసుకుని నిటారుగా నిలబడేందుకు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఆమె నడిచేది, తినేది, పుస్తకం చదివేది, బయటివాళ్ళకు ఏ తేడా కనబడేది కాదు. కళ్ళు మూయడమే కష్టం. రెప్ప పడగానే ఇల్లు జారిపోతుంది. నిద్రకు ముందు అమ్మ పాత చీరతో మంచానికి కట్టేసేది, లేకుంటే ఉలిక్కిపడి లేచి కిందపడేది. కట్టినా గంటకొకసారి మెలకువే.

ఒకనాడు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మ చెయ్యి జుట్టులో తిరుగుతోంది, చీర గరుకు చెంపకు తగులుతోంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి ఉంది, గరుకు ఉంది, ఒడి లేదు. ఎక్కడో ఎటూ కానిచోట ఒక చెయ్యి తన జుట్టును పట్టుకుని ఉంది, అంతే. ఓబులమ్మ లేచి కూర్చుంది. ఏమైందని అమ్మ అడిగితే ఏంలేదంది. ఆరోజు పెరట్లోకి పోయి ఏడ్చింది, తనివితీరా ఏడ్చింది.

చుట్టాలు వచ్చేవారు, ఎట్లుండావు పాప అనేవారు, బాగుండా అనేది. మొదట్లో చెప్పి చూసింది. తల తిరుగుతుందేమో అన్నారు, రక్తం తక్కువేమో అన్నారు, బీట్రూటు తెచ్చారు. చెప్పగా చెప్పగా వాళ్ళ ముఖాల్లో జాలే కనబడింది గానీ అర్థమైనట్టు ఒక్క ముఖంలోనూ కనబడలేదు. తనలాంటి మనిషి ఇంకొకరు ఈ భూమ్మీద లేరన్న సంగతి ఆమెకు లెక్కగా తెలుసు. ఆ లెక్కే ఆమెను తినేసింది.

అలాంటప్పుడు కంబగిరి సార్ వచ్చాడు. సంజీవప్ప ఆయనకు కుర్చీ వేశాడు, చెంబుతో నీళ్ళిచ్చాడు, తాను నిలబడే ఉన్నాడు.

"పై ఆఫీసోళ్ళు రెండో జట్టు మొదలుపెట్టమంటాండారు," అన్నాడు సార్ తలొంచుకుని. "టోపీ మేలు చేస్తాదనే అంటాండారు, గడువు నిజమని తేలింది కాబట్టి ఈసారి తప్పు జరగదంట. నేను కాదంటే వేరేవాళ్ళతో చేయిస్తారు. చేసేదేదో నా కళ్ళ ముందర జరగనీ అనుకుంటి. కానీ అడిగేపని నేను చెయ్యను. నువ్వు అడగాల. నీకు ఎవరూ అబద్ధం చెప్పలేరు."

"ఒకసారి పోగొట్టింది చాల్లేదా సార్?" అన్నాడు సంజీవప్ప.

"నేను పోతా నాయనా," అంది ఓబులమ్మ. ఇంకొకరికి తన గతి పట్టకూడదని కొంత. ఇంట్లో ఇంకొక రోజు ఉండలేక ఎక్కువ.

ఎర్రగుట్టలో ఆమె పద్ధతులన్నీ మార్చేసింది. అన్నం దగ్గర ప్రశ్నలు లేవు. ఒక ఖాళీ గది, నేల, గోడలు, ఒక కిటికీ. ఒక్కొక్కరూ రావాలి. ఎట్లుండావన్న మాట ఆ గదిలో ఎవరూ అనకూడదు. ఆమె అడిగేది ఒక్కటే: "ఈదినం ఏం పోయింది, చెప్పు." కళ్ళు మూయించి, గోడకు చెయ్యి అందనంత దూరంలో నిలబెట్టేది. పదిమందిలో ఒకడు పన్నెండో రోజు తూలాడు. టోపీ ఆపేశారు, వారం తిరక్కుండా వాడికి నేల వచ్చేసింది, ఇంటికి పంపేశారు. ఓబులమ్మ తండ్రికి ఫోను చేసి ఆ సంగతి చెప్పింది. మూడేళ్ళలో ఆమె గొంతు అంత తేలిగ్గా ఉండడం సంజీవప్ప అప్పుడే విన్నాడు.

ఆ జట్టులో కుళ్ళాయమ్మ ఉంది. ఇరవై ఏళ్ళది, గొర్రెలు కాసే ఇంటిపిల్ల. భౌతికశాస్త్రం చదువుతూ రోదసి మీద మనసు పడ్డది. ఓబులమ్మ, కుళ్ళాయమ్మ అని పేర్లు పక్కపక్కన రాసుంటే పింఛన్ల జాబితా అనుకుంటారక్కా అని మొదటిరోజే నవ్వించింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. అలాంటిది పదిహేనో రోజు గదిలోకి వచ్చి మాట్లాడకుండా నిలబడింది.

"కండ్లు మూసుకో."

మూసుకుంది. కదలకుండా నిలబడింది, మరీ కదలకుండా. ఓబులమ్మ చూపు ఆమె కుడిచేతి మీదికి పోయింది. కుళ్ళాయమ్మ రోజూ నిలబడే చోటికన్నా జానెడు పక్కకు జరిగి ఉంది. చిటికెన వేలు కిటికీ చువ్వకు, వెంట్రుకవాసి ఆని ఉంది. మంచంకోడుకు మడమ ఆనించిన మనిషికి తప్ప ఇంకెవరికీ అది కనబడదు.

"ఎప్పట్నుంచి?"

"ఏందక్కా?"

"నేల."

కుళ్ళాయమ్మ కళ్ళు తెరిచింది. "నిన్నట్నుంచి. చెప్పొద్దక్కా. నాకు పైకి పోవాలని ఉండాది. ఇంకా శానా దినాలుండాయి కదా గడువు."

ఓబులమ్మ ఆ పూట పుస్తకంలో "వచ్చింది" అని రాసింది. పొద్దున్నే సార్‌కు చెప్పాలనుకునే రాసింది. కానీ దీపాలు పెట్టే వేళ కుళ్ళాయమ్మ ఆమె గదికొచ్చి మంచం మీద కూర్చుని, కళ్ళు ఒకసారి మూసి తెరిచి, మామూలుగా అన్నది:

"కండ్లు మూస్తే నేనుండనక్కా. మంచం ఒక్కటే ఉంటాది."

మూడేళ్ళుగా ఓబులమ్మ అమ్మకూ, నాన్నకూ, డాక్టర్లకూ చెప్పాలని చూసిన మాట అదే. ఎన్ని విధాలుగా చెప్పినా కుదరని మాటను ఈ పిల్ల రెండు ముక్కల్లో చెప్పేసింది. ఓబులమ్మకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

"అవును," అంది. "నేను గూడా ఉండను."

పొద్దున సార్‌కు చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. దయ్యం రాకుండా తలుపు మీద రాసుకుంటారే, అలా తన మనసు తలుపు మీద తనే "రేపు రా" అని రాసుకుంది. దయ్యం పాపం మర్యాదస్తురాలు, రోజూ వచ్చి చదువుకుని వెళ్ళిపోయేది.

ఆ రోజులు ఓబులమ్మ బతుకులో మంచి రోజులు. అది దాచి లాభం లేదు. ఇద్దరూ పొద్దువాలే వేళకు గుట్ట వెనక బండ మీదికి పోయేవాళ్ళు. గాలిమర రెక్కలు తిరుగుతుంటే అవి నిలిచి ఉన్నాయనీ తామే తిరుగుతున్నామనీ అనుకోవచ్చు, ఇద్దరూ ఒకేసారి అనుకునేవాళ్ళు, ఒకేసారి మళ్ళీ ఇటు తిప్పుకునేవాళ్ళు. తలకిందులుగా వేలాడుతున్నట్టు అనిపించినప్పుడు జేబులో చిల్లర పడిపోతుందేమోనని తడుముకోవడం ఓబులమ్మకు అలవాటు. ఎవరికీ చెప్పని అలవాటు. కుళ్ళాయమ్మ కూడా జేబు తడుముకోవడం చూసి ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల ఉడుకుతున్న అన్నంలో మెతుకు పట్టి చూసినట్టు ఒక్కొక్కటీ అడిగేది, నీకూ అంతేనా అక్కా అని. అంతే, అంతే అనేది ఓబులమ్మ.

కుళ్ళాయమ్మకు నేల పోయి ఇరవై రోజులు గడిచాయి. ఇరవై రెండు. పుస్తకంలో వచ్చింది, వచ్చింది, వచ్చింది.

ఇరవై ఐదో నాటికి ఓబులమ్మకు తన మనసు తనకు తెలిసిపోయింది. ఆమె మరిచిపోలేదు, భయపడలేదు, జాలి పడలేదు. ఇంకొక ఐదు రోజులు నోరు మూసుకుంటే ఈ పిల్ల ఇక ఎక్కడికీ పోదు. తనలాగే అయిపోతుంది. ఇద్దరుంటారు. అది ఎంత పాపపు ఆలోచనో ఆమెకు తెలుసు, తెలిసి కూడా అది తలుచుకుంటే ఛాతీలో వెచ్చగా ఉండేది.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం బండ అంచున కూర్చున్నారు. కుళ్ళాయమ్మ ముందురోజు సరిగా పడుకోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఓబులమ్మ భుజం మీద తల వాల్చింది.

"నీకు నిద్రెట్ల వస్తాదక్కా?"

"రాదు. మంచానికి కట్టేసుకుంటా. నీకు ఇంటికాడ ఎట్ల వస్తుండె?"

"మందలో పడుకునేదాన్ని, మా నాయన పక్కన. కంబడి కప్పుకోని, నేలకు చెవి పెట్టి. నక్క వస్తే నేలే చెప్తాది అంటాడు మా నాయన. నాకెప్పుడూ ఏం చెప్పలే. చెప్పకముందే నిద్రపోతాంటి."

ఆ మాట చివర ఆమె కళ్ళు మూతపడ్డాయి. రెండు నిమిషాలు పడిందో లేదో, ఒక్కసారి ఎగిరి, ఓబులమ్మ మెడ రెండు చేతులా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అక్కా, పట్టుకో."

"పట్టుకునే ఉండా."

"తెలీలేదు. పట్టుకో అక్కా."

ఓబులమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టుకున్న ఊపుకు ఆమె చూపు చెదిరింది. చూపు చెదిరితే ఆమెకూ నిలువు పోయింది. ఎవరు ఎవరిని ఎటు లాగుతున్నారో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ కలిసి బండ మీద నుంచి ముళ్ళకంపలోకి దొర్లారు. అంచు ఎత్తు లేదు కాబట్టి మోచేతులు గీసుకున్నాయి, అంతే. ఓబులమ్మ నవ్వబోయింది. కుళ్ళాయమ్మ నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసి, రెప్ప వేయకుండా, రెండు గుప్పిళ్ళతో గడ్డి పట్టుకుని కూర్చుంది. అమ్మ ఒళ్ళోంచి లేచినరోజు తన ముఖం ఎలా ఉండి ఉంటుందో ఓబులమ్మకు ఇప్పుడు కనబడింది.

తోడు అనుకుంది. నేల లేనివాళ్ళు ఇద్దరైతే పడేవాళ్ళు ఇద్దరవుతారు, అంతకంటే ఏం కాదు.

ఆమె కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని కేంద్రంలోకి నడిచింది. లోపల కంబగిరి సార్ వడ్డిస్తున్నాడు, ఎనిమిదిమంది వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన గరిటె ఎత్తి, రండి కూర్చోండి అన్నాడు.

"నాకు పెట్టొద్దండి సార్," అంది ఓబులమ్మ. "నేను బాగలేను. ముందు అది వినండి."

పెట్టే చేతికి ఆ మాట చెప్పడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నిలబడే చెప్పింది, అందరి ముందూ. కుళ్ళాయమ్మకు నేల పోయి ఇరవై ఎనిమిది రోజులైందని చెప్పింది. రెండోరోజు నుంచే తనకు తెలుసని చెప్పింది. పుస్తకంలో రాసినవన్నీ అబద్ధాలని చెప్పింది. ఎందుకు రాశావని సార్ అడిగాడు.

"నాకు తోడు కావల్సొచ్చె సార్."

ఎవరూ ముద్ద ముట్టలేదు. కుళ్ళాయమ్మ చెయ్యి విడిపించుకుంది.

"నమ్మి చెప్తిని కదక్కా నీకు," అంది. "నీకు తప్ప ఎవరికి చెప్తి?"

ఓబులమ్మ తన పుస్తకం తెచ్చి సార్ ముందు పెట్టింది.

మర్నాడు కుళ్ళాయమ్మకు టోపీ పెట్టలేదు. గడువులో మిగిలిన రెండు రోజుల్లో రాళ్ళు కొంచెమైనా కట్టుకుని కబురు మొదలైతే చాలు, నేల నిదానంగా వస్తుందన్నాడు సార్. పదకొండు రోజులు ఏమీ కాలేదు, ఆ పదకొండు రోజులూ ఓబులమ్మకు అన్నం సయించలేదు. పన్నెండో రోజు కుళ్ళాయమ్మ వరండాలో కళ్ళు మూసుకుని నడిచింది, గోడ తాకకుండా. వారానికి పై ఆఫీసు నుంచి మనుషులొచ్చారు, రెండు పుస్తకాలూ పట్టుకుపోయారు. నోటిమాట మీద నడిచే ప్రయోగం ఇక వద్దని టోపీకి సీలు వేశారు. కంబగిరి సార్ తన పల్లెకు పోయాడు, ఓబులమ్మ ఇంటికొచ్చింది. ఇకమీదట ఆ టోపీ ఎవరికీ పెట్టరు. అంటే ఓబులమ్మలాంటి మనిషి ఇంకొకరు ఎప్పటికీ ఉండరు. అది తానే చేసింది. చేసినందుకు ఆమె ఒక్కరోజూ చింతించలేదు. చేశాక ఎలా బతకాలో మాత్రం తోచలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కుళ్ళాయమ్మ వెతుక్కుంటూ ఓబులమ్మ ఇంటికొచ్చింది, సంచెడు సీతాఫలాలతో. కోపం మిగల్లేదు. మాటలు మునుపటిలాగే గలగలా వచ్చాయి. వాళ్ళ నాయన మందతో ఈ చుట్టుపక్కలకే వచ్చాడని, తాను మళ్ళీ పరీక్షలు రాస్తోందని చెప్పింది. గుట్టెక్కితే కాళ్ళు పీకుతున్నాయక్కా, ఇంత బరువుండానని నాకెప్పుడూ తెలీదు అని విసుక్కుంది. ఓబులమ్మ అమ్మ పెట్టిన అన్నం తిని, ఉప్పు తక్కువైందని మొహమాటం లేకుండా అడిగి వేయించుకుంది.

తిన్నాక పడసాలలో చాప కూడా లేకుండా నాపరాయి బండల మీద పడుకుంది.

"సల్లగుండాది నేల," అంది. తర్వాత మోచేతి మీద లేచి, సిగ్గుపడుతూ అడిగింది. "అక్కా, అది ఎట్లుండె? మనం బండ మీద కూర్చునేది, అన్నీ చెప్పుకునేది, అంతా జ్ఞాపకముండాది. ఏం చెప్పుకుంటిమో ఆ మాటలు గూడా జ్ఞాపకముండాయి. అది ఎట్లుండెనో మాత్రం రావడం లేదు. ఎంత గుర్తు చేసుకున్యా రాదు. ఎట్లుంటాదక్కా?"

ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. నిదానంగా, మొదటినుంచి. పళ్ళెంలో ముద్ద ఉన్నట్టూ, పీట ఉన్నట్టూ, దాని మీద ఎవరూ లేనట్టూ ఉంటుందని. ఆకాశంలోకి తొంగి చూడ్డం ఎలా ఉంటుందో చెప్పింది. కళ్ళు మూస్తే ముందు గోడలు పోతాయి, తర్వాత నేల పోతుంది, అన్నిటికన్నా చివర పోయేది ఏదంటే, అని ఆగి చూసింది.

కుళ్ళాయమ్మ ఒక చెంప బండకు ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒంటి బరువంతా నేలకు వదిలేసింది.

ఓబులమ్మ మిగతా సగం కూడా చెప్పింది.